తిరగలి గౌరమ్మకు తొలి పిడికెడు

అందరి చేతులలోను అక్షతలున్నవి కదా? గుప్పిట మూసి, చెవులు తెరచి వినుడు.

పూర్వము మేఘమాల అను కొండమీద దీర్ఘశ్మశ్రుడను ముని ఆశ్రమము కట్టుకొని యుండెను. పేరునకు తగిన గడ్డము, బొడ్డు దాటి వ్రేలాడుచుండెను. ఒకనాటి ఉదయమున శాలీనుడను మరియొక ముని ఆయనను చూడవచ్చెను. అప్పటికి దీర్ఘశ్మశ్రుడు గడ్డమును మెడకు చుట్టుకొని, తిరగలి ముందు కూర్చుండి జొన్నలు విసరుచుండెను. పెద్దవాడు విసరుచుండగా చిన్నవాడు చూచుచు నిలుచుట మర్యాద కాదని శాలీనుడు తానును పిడిమీద ఒక చేయి వేసెను. ఇద్దరును విసరిరి. విసరి విసరి, శేరు జొన్నలు పూర్తి కాకమునుపే శాలీనునికి భుజము పట్టుకొనెను. అంతట అతడు పిడి విడిచి, చేతులు జోడించి ఇట్లడిగెను.

"స్వామీ! పన్నెండేండ్లు ఒంటికాలిమీద నిలిచితిని, ఏ కాలును నొవ్వలేదు. శేరు జొన్నలకు నా చేయి ఊడిపోవుచున్నది. లోకమున స్త్రీలు దినదినము ఇంటిల్లిపాదికి విసరుచున్నారే! వారి చేతికి చలువ కలుగునట్టిది, ఇంట పిండి తరుగనట్టిది, విసరు పని పాటవలె సాగునట్టిది ఏదైన వ్రతమున్నదా? ఉన్నచో దానిని ఎవరు చేసిరి? ఎవరు మరచి చెడిరి? ఎవరు తలచి బాగుపడిరి? అంతయు విన కోరుచున్నాను."

దీర్ఘశ్మశ్రుడు నవ్వెను. నవ్వగా గడ్డమునుండి పిండి జలజల రాలెను. మంచి ప్రశ్న అడిగితివని మెచ్చుకొని, తిరగలి గౌరమ్మ వ్రతము కలదని, అది చేసినవారికి పిండియు, వినినవారికి పండుగయు కలుగునని పలికి, కథ చెప్ప మొదలిడెను.

శాలీనా, వినుము. తూర్పుకొండల దిగువన పాలగెడ్డ అను ఊరు కలదు. ఆ సీమవారు కొండవాగును గెడ్డ అందురు. నురుగుతో తెల్లగా దూకును గనుక ఆ వాగు పాలగెడ్డ, దాని ఒడ్డున నున్న ఊరును పాలగెడ్డయే. ఆ గెడ్డమీద ఒక నీటి తిరగలి యుండెను. ఎట్టి తిరగలి అనుకొంటివి! పైనుండి కాలువ వచ్చును. కాలువ చివర తాటిదోనె యుండును. దోనెలో జారిన నీరు క్రింద చెక్కరెక్కల చక్రమును ఫెడేలున కొట్టును. కొట్టగానే చక్రము తిరుగును, చక్రముతో ఇరుసు తిరుగును, ఇరుసుతో పైరాయి గిర్రున తిరుగును! రాయి నడుమ కన్ను, కన్నుపైన గింజల బుట్ట. బుట్టకు కట్టిన చిన్న కర్రపుల్ల యొకటి తిరుగుచున్న రాయిమీద టకటక గంతులిడును. అది గంతులిడిన కొలది బుట్ట కదలును, బుట్ట కదలిన కొలది గింజ రాలును. ఆ పుల్లను వారు పిట్ట అందురు. పిట్ట పలికినంతసేపు ఊరికి పిండియే పిండి. పిడి పట్టనక్కరలేదు, భుజము నొవ్వనక్కరలేదు, గంగమ్మ తల్లియే విసరిపెట్టును!

ఆ తిరగలిని నడుపువాడు గవరయ్య. అతని తల్లి అచ్చియమ్మ డెబ్బదియేండ్లు దాటినది, నోట ఒకే ఒక పన్ను గలది. ఆ ఒక్క పంటితోనే ఊరినంతటిని ఆటపట్టించునది. గవరయ్య భార్య వరాలు. ఈ కథ వరాలుదే.

వరాలు ఆ యింట కాలుపెట్టిన నాడే పిట్ట చప్పుడు వినెను. వినగానే ఆమె కాలు దానంతటది తాళము వేసెను. నాటినుండి ఆమెకు అదే లోకము. పిట్ట పలుకుచుండిన ఆమె పాడును, పిట్ట ఆగిన ఆమెకు ముద్ద దిగదు. నీరు కట్టినపుడెల్ల ఎప్పుడు విడుతురా, రాయి ఎప్పుడు తిరుగునా అని అరచేతులు నలుపుకొనుచు కాలువగట్టున తిరుగును. ఆమెది ఆశ కాదు, ఆత్రము. ఆత్రము చేసిన పనులే ఇక వినబోవుచున్నావు.

అచ్చియమ్మ ప్రతినెల అమావాస్య దాటిన తొలి శుక్రవారమున తిరగలి గౌరమ్మ వ్రతము చేయుచుండెను. కన్ను మసకబారినంతట కోడలిని పిలిచి, పసుపు గుడ్డలో చుట్టిన ఉలిని, సుత్తిని ఆమె చేత పెట్టెను.

"కోడలా, ఇయ్యి ఉలీ సుత్తీ అనుకుంటన్నావేటో, అమ్మోరి నగలు. మూడు మాటలు చెప్తాను, ఇనుకో. నెలకోపాలి నీరు కట్టీసి, రాయెత్తి, కక్కు కొట్టు. కక్కు కొట్టినాక తొలి పిడికెడు పిండి ఎవల నోటా పెట్టకు, దాంతో దీపం చెయ్యి. గింజ లేకండ రాయి తిప్పకు. అంతే."

"ఎందుకత్తా అలగ?" అని వరాలు అడిగెను.

"ఎందుకో మా అత్త నాకు చెప్పలేదు. నాను నీకు చెప్తానేటి?" అని అచ్చియమ్మ ఒంటిపన్ను చూపుచు నవ్వెను.

కక్కు అనగా నేమో తెలియునా? విసరగా విసరగా రాయి నున్నబడును. నున్నబడిన రాతిని ఉలితో గాళ్ళుపెట్టి గరుకు చేయుటయే కక్కు కొట్టుట. కొన్ని నెలలు వరాలు అత్త చెప్పినట్లే చేసెను. పిండి మల్లెపూవువలె రాలెను. ఏడూళ్ళవారు బుట్టలు నెత్తిన పెట్టుకొని పాలగెడ్డకు వచ్చిరి. కుంచమునకు ఒక దోసెడు పిండి తిరగలివారి వంతు. వారి గాదె నిండెను, వాకిలి నిండెను, వాకిట నవ్వులు నిండెను.

అంతలో చోళ్ళు, అనగా రాగులు, కోతకు వచ్చినవి. గెడ్డ కిరుప్రక్కల చోళ్ళ బుట్టలు బారులు తీరెను. ఆ నెల అమావాస్య దాటి శుక్రవారము వచ్చెను. వరాలు బుట్టలు చూచెను, రాతిని చూచెను, పిట్టను చూచెను. పిట్ట టకటక టకటక! ఎట్లాపును?

ఆ సమయమున నెత్తిన చిన్న గంప, నడుమున ఉలి, నుదుట రూపాయంత కుంకుమ గల ముసలమ్మ యొకతె గట్టు వెంబడి కేకలిడుచు వచ్చెను.

"రోళ్ళకి కక్కు కొడతామమ్మా! తిరగళ్ళకి కక్కు కొడతామమ్మా!"

వచ్చి తిరగలి పాక ముందు నిలిచి, చెవి యొగ్గి, తల అడ్డముగా ఊపెను.

"గుంటా, నీ రాయి నున్నబడిపోనాది. సద్దు ఇంటేనే తెలిసిపోతంది. ఎత్తు, కక్కు కొట్టీసి ఎలిపోతాను."

"ఇప్పుడు కాదప్పా! రాయెత్తితే ఓ పూట పోతాది. ఈ బుట్టలన్నీ చూసినావా? వచ్చే నెల రా."

"నీకు వచ్చే నెల ఉన్నాది. రాయికి తెల్దు కదే!" అని ముసలమ్మ నవ్వుకొనుచు వెడలిపోయెను.

వరాలు వ్రతము మరచెను. మరవగా ఏమయ్యెను? నున్నని రాయి గింజను కోయక రుద్దెను. రుద్దగా వేడి పుట్టెను. వేడికి పిండి మాడెను. ఆ పిండితో కాచిన అంబలి ఏడూళ్ళలోను పొగ కంపు కొట్టెను. మరునాడు ఒకామె కుండతో సహా వచ్చి, వరాలు ముక్కు క్రింద పెట్టి, "ఓలప్పో, ఇది అంబలేటే, పొయ్యి కడిగిన నీళ్ళేటే?" అని అడిగెను. వారము తిరుగునప్పటికి బుట్టల బారు సగమాయెను.

వరాలు బుద్ధి తెచ్చుకొనెను. మరునెల శుక్రవారమున నీరు కట్టించెను, గవరయ్యతో కలిసి గునపము వేసి రాయి ఎత్తెను, కూర్చుండి కక్కు కొట్టెను. అరచేతులు బొబ్బలెక్కినను విడువక కొట్టెను. ఆహా, ఈసారి వ్రతము చక్కగా నడచుచున్నదనుకొందువేమో! ఆగుము.

ఆ ఊరి పెద్ద బోడెయ్యనాయుడు. ఆదివారము అతని కొడుకు పెండ్లి. సున్నుండలకని వేయించిన మినుములు ఐదు కుంచములు పాకలో సిద్ధముగా నుండెను. వరాలు నీరు విడిచెను. రాయి తిరిగెను. తొలి పిడికెడు పిండి రాలెను. వేయించిన మినుముల కమ్మని వాసన పాకంతయు కమ్ముకొనెను. వరాలు ఆ పిండిని చేతికి తీసికొనెను, వాసన చూచెను, మనసు మారెను. ఇంత కమ్మని పిండిని దీపము చేసి నీట వదలుట ఏమి న్యాయము, నాయుడుగారి సొమ్ము నాయుడుగారికే చేరవలెను గదా, దీపము వచ్చు నెల రెండింతలు పెట్టెదనని తనకు తానే నచ్చజెప్పుకొని, ఆ పిడికెడును పెండ్లివారి గోనెలోనికి తోసెను.

గట్టుమీద కక్కు ముసలమ్మ ప్రత్యక్షమాయెను.

"తొలి పిడికెడు ఏదే?"

"పెళ్ళికి ఎలిపోనాదప్పా! అమ్మోరు కూడా పెళ్ళికెళ్ళదేటి?"

"ఎళ్తాది, ఎళ్తాది," అని ముసలమ్మ బుగ్గ నొక్కుకొని నవ్వెను. "ముందు బంతిలోనే కూకుంటాది."

కూర్చుండెను కూడ! పెండ్లినాడు వియ్యాలవారు బారుగా కూర్చుండిరి. విస్తళ్ళు పరచిరి. సన్నాయి మ్రోగుచుండెను. మగపెండ్లివారి పెద్దగా బోడెయ్యనాయుడు మీసము దువ్వుకొని, తొలి సున్నుండను నోట వేసికొని, వియ్యంకుని వంక గొప్పగా చూచుచు కొరికెను. కటుక్కుమనెను. సన్నాయి ఆగెను. నాయుడు నోటిలో వ్రేలు పెట్టి తీయగా, అరచేతిలో రాతిపలుకు ఒకటి, ముందుపన్ను ఒకటి ప్రక్కప్రక్కన వధూవరులవలె కూర్చుండి యుండెను.

"పిండాడించినదెవలు?" అని నాయుడు గర్జింపబోయెను గాని, పన్ను లేని సందునుండి గాలిపోయి ఈలవలె వచ్చెను. పెండ్లివారు నవ్వలేక, నవ్వకుండలేక, విస్తళ్ళలోనికి తలలు వంచిరి.

వరాలు తొలి పిడికెడు ఇయ్య మరచెను. మరవగా ఏమయ్యెను? ఒక్క బుట్టయు రాదాయెను. అటకల మీదనున్న పాత తిరగళ్ళు దిగెను. ఇంటింట ఆడువారు మరల భుజములు పట్టుకొనుచు విసరిరి, విసరుచు వరాలును తిట్టిరి.

అంతట వరాలుకు సిగ్గును పట్టుదలయు కలిసి వచ్చెను. రాళ్ళ మధ్య ఇంకను పలుకులు దాగియున్నవని, వానిని రాయే దులుపుకొనవలెనని తలచి, బుట్టలో ఒక్క గింజయైన పోయక, దోనె పూర్తిగా తెరచి, తిరగలిని వట్టిగా తిప్పెను. ప్రొద్దుటినుండి సాయంత్రము వరకు తిప్పెను. రాయి పాడలేదు, ఏడ్చెను. ఆవలి గట్టునుండి కక్కు ముసలమ్మ, "ఆకలేసిన రాయి రాయినే తింటాదే గుంటా!" అని గొంతు చించుకొని అరచెను. వరాలుకు వినబడెను. వినబడినను, ఇంకొక్క గడియ, ఇంకొక్క గడియ అనుకొనెను. చివరకు నిప్పురవ్వలు లేచెను. పిట్ట రెండుగా విరిగి యెగిరిపోయెను. ఘోరమైన చప్పుడొకటి చేసి తిరగలి నిలిచిపోయెను. చూడగా, కష్టపడి కొట్టిన కక్కు ఒక్క గాడైన మిగులలేదు. రాయి అద్దమువలె మెరయుచుండెను. అందులో వరాలుకు తన ముఖమే కనబడెను.

మూడవ మాటయు మరచెను. ఇక మరచుటకు ఏమియు మిగులలేదు.

బోడెయ్యనాయుడు నలుగురు పెద్దలతో వచ్చి పాక ముందు నిలిచెను. ప్రతి మాటకు ఒక ఈల వేయుచు తీర్పు చెప్పెను.

"గవరయ్యా, నీ అమ్మ ముఖం చూసి ఒక్క అవకాశం ఇస్తన్నాను. అమావాస్య ఎల్లినాక శుక్రవారం నానే వచ్చి కూకుంటాను. ఈ తిరగల్లో ఆడించిన పిండితో సున్నుండ చేసి పెట్టండి. పలుకు తగల్లేదా, తిరగలి మీది. తగిలిందా, రాళ్ళు పీకించీసి, కాలువ నా చెరుకుతోటకి మళ్ళించుకుంటాను."

"అంతేలే నాయుడుబావూ," అని అచ్చియమ్మ లోపలినుండి పలికెను. "ఇంకో పన్ను కూడా పోతే నా ఒంటిపన్ను అరువిస్తాను. జాగర్తగా వాడుకో!"

పెద్దలు నవ్విరి. నాయుడు కూడ నవ్వెను, ఈల వినబడునని నోరు మూసికొనెను. కాని వరాలు నవ్వలేదు. శుక్రవారమునకు ఐదు దినములే యుండెను. ఆ దినము తప్పినచో పిట్ట పలుకు ఇక ఎన్నటికిని వినబడదు. ఆ మాట తలచుకొనగానే ఆమెకు కాళ్ళు నిలువలేదు. భర్తతో చెప్పి, అత్త పాదములకు మ్రొక్కి, గెడ్డ వెంబడి ఎగువకు నడచెను.

కొండచరియ నెక్కెను, వెదురుపొదలు దాటెను, రాళ్ళమీద జారెను, మరల లేచెను. ఎగువన గెడ్డ తెల్లగా దూకుచోట, ఒక బండమీద కూర్చుండి, కక్కు ముసలమ్మ ఉలికి పదును పెట్టుచుండెను. వరాలు పరుగున పోయి ఆమె పాదములపై బడెను.

"మూడుసార్లు చెప్పినావు. మూడుసార్లూ ఇన్లేదు. తప్పు నాదే అప్పా. మా తిరగలిని బతికించు."

"లే గుంటా, లే. చెడ్డదానివైతే ఈపాటికి ఈ ఉలితో నెత్తిమీదే కక్కు కొడుదును. తొందరదానివి. అందుకే కూకో, నిమ్మళంగా ఇను," అని ముసలమ్మ ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను.

అత్త చెప్పని ఎందుకు అన్నది ఆమె చెప్పెను. నున్నని రాయి గింజను మాడ్చును గనుక నెలకొకసారి కక్కు కొట్టవలెననెను. కక్కు కొట్టిన రాయి తన పొడిని తొలి పిడికెడులోనే రాల్చును గనుక, అది పంటికి కాదు, దీపమునకు తగునని చెప్పెను. గింజ లేనిచో రాయికి రాయే ఆహారమగునని చెప్పెను. వరాలు నోరు తెరచి వినెను.

"అయితే ఇది వ్రతమేటి? పనే కదా!"

"పని కాకండ వ్రతం ఏటున్నాది? గౌరమ్మ ఆకాశంలో కూకుని నీ తిరగలి తిప్పుతాదనుకున్నావేటి? నీ చేతిలోనే కూకుంటాది. నువ్వు తొందరపడితే జారిపోతాది."

పిమ్మట ముసలమ్మ ఇంకొక నియమము చెప్పెను. వ్రతమునకు మినుములు తన గాదెనుండి తీయరాదనెను. తనపై కోపించిన ఐదిండ్లకు పోయి, ఇంటికొక దోసెడు అడిగి తేవలెననెను. ఆ ఐదిండ్ల ఆడువారే వచ్చి రాయి ఎత్తుటకు చేయివేయవలెననెను. ఇట్లు చెప్పి, వరాలు వెంట దిగివచ్చి, గవరయ్యచేత రాతిని దించి వెల్లకిల వేయించి, కన్ను నుండి అంచు వరకు ఒకే ఒక గాడు కొట్టి, "మిగతాయి నీ వంతు" అని గంప నెత్తిన పెట్టుకొని పోయెను.

మూడు దినములు వరాలు కక్కు కొట్టెను. ముసలమ్మ గాడును చూచుకొనుచు, దాని లోతే లోతుగా, దాని వంపే వంపుగా కొట్టెను. తొందర కలిగినపుడెల్ల ఉలి దించి, ఒక గుక్కెడు నీరు త్రాగి, మరల కొట్టెను. గవరయ్య వేపకర్ర చెక్కి క్రొత్త పిట్టను చేసెను, ఇరుసు మొన సరిచేసెను. అచ్చియమ్మ ప్రక్కన కూర్చుండి, ఇన్నాళ్ళకు తనకు కూడ ఎందుకో తెలిసినదని మురిసిపోయెను.

నాలుగవనాడు వరాలు ఖాళీ చేటతో బయలుదేరెను. మొదటి ఇంట పొగ అంబలి సంగతి ఎత్తి పొడిచిరి, దోసెడు మినుములు పెట్టిరి. రెండవ ఇంట తలుపు సగమే తెరచిరి, దోసెడు పెట్టిరి. మూడవ ఇంట ఆమె విసరి విసరి వాచిన భుజము చూపెను. వరాలు కూర్చుండి ఆముదము కాచి మర్దనము చేసెను, ఆమె దోసెడు పెట్టెను. నాలుగవ ఇంట కోడలు పెట్టబోగా అత్త వద్దనెను, అత్త వద్దనగానే కోడలు రెండు దోసిళ్ళు పెట్టెను. ఐదవ ఇల్లు బోడెయ్యనాయుడిది! నాయుడి భార్య సూరమ్మ వాకిట నడుమున చేతులుంచి నిలిచెను.

"పన్నూడగొట్టిన ఇంటికే మినుములకొచ్చినావేటే? నీ దైర్నం మండిపోను!"

"ఊడిన పన్ను తేలేనమ్మా. ఉన్న పళ్ళకి భయం లేకండ చేస్తాను. రేపు మీరొచ్చి రాయి మీద చెయ్యేస్తే చాలు."

సూరమ్మ మొదట కోపముగా చూచెను. లోపల నాయుడు ఎవరినో పిలువగా ఈల వినబడెను. అంతే, సూరమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కన్నులు తుడుచుకొనుచు, "పట్టే చేట! పన్ను పోనాక మా ఆయన ఎంత కోపంగా తిట్టినా పాటలాగుంటంది," అని చేట నిండుగా మినుములు పోసెను.

శుక్రవారము వచ్చెను. ఐదిండ్ల ఆడువారు తలంటి పోసికొని వచ్చిరి. గవరయ్య గునపము వేయగా అందరును చేయివేసి రాయి ఎత్తి కూర్చిరి. రాతిని కడిగిరి, పసుపు రాచిరి, కుంకుమ బొట్లు పెట్టిరి, కన్ను చుట్టును గన్నేరుపూలు పేర్చిరి. ఆ పూలనడుమ గౌరమ్మను తలచి పూజించిరి. పూలు తీసి వేయించిన మినుములు బుట్టలో పోసిన పిదపనే వరాలు దోనె తెరచెను. మొదట గింజ, పిమ్మట నీరు! చక్రము కదలెను, ఇరుసు కదలెను, రాయి కదలెను. తొలి పిడికెడు రాలగానే వరాలు నీరు కట్టెను. ఆ పిండిని తడిపి ప్రమిద చేసి, నేయి పోసి, వత్తి వెలిగించి, మోదుగాకు మీద నుంచి గెడ్డలో విడిచెను. దీపము సుడిలో మూడుసార్లు తిరిగి, దిగువకు సాగిపోయెను. సాగినంతవరకు చూచి, గడియసేపు నిలిచి, అప్పుడు మరల దోనె తెరచెను. ఆ గడియసేపు నిలుచుటయే ఆమెకు అన్నిటికన్న కష్టమైన వ్రతము!

టకటక! టకటక! క్రొత్త పిట్ట పలికెను. పిండి వెన్నవలె, వెన్నెలవలె రాలెను. ఒకరు బెల్లము దంచిరి, ఒకరు నేయి కాచిరి, ఐదుగురును కూర్చుండి సున్నుండలు చుట్టిరి.

బోడెయ్యనాయుడు వచ్చి పీటమీద కూర్చుండెను. ఊరంతయు చుట్టును మూగెను. వరాలు పళ్ళెము ముందుంచి చేతులు కట్టుకొని నిలిచెను. నాయుడు ఒక సున్నుండ తీసి, త్రిప్పి చూచి, మిగిలిన పండ్లను నాలుకతో తడిమి లెక్కచూచుకొని, కన్నులు మూసికొని నోట వేసికొనెను. నమిలెను. ఇంకను నమిలెను.

కటుక్కుమనెను.

గవరయ్య తల పట్టుకొనెను. వరాలు పిట్టవంక చూచెను, ఇదే కడపటిసారి అనుకొని చూచెను. నాయుడు మెల్లగా నోటినుండి ఒక పలుకు తీసి అరచేతిలో పెట్టుకొనెను.

అచ్చియమ్మ కర్ర ఊతగా వచ్చి, ఆ పలుకును వ్రేళ్ళ సందున తీసికొని, తన ఒంటిపంటిక్రింద పెట్టి కొరికెను. కొరికి చప్పరించెను. చప్పరించి కన్నులు పెద్దవి చేసెను.

"బెల్లం! ఓరి నాయుడా, బెల్లానికీ రాయికీ తేడా తెలీనోడివి, పెద్దరికం ఎలగ చేస్తన్నావురా!"

ఒక్కపెట్టున నవ్వు లేచెను. గట్లు రెండును ఘొల్లుమనెను. నాయుడు అనుమానముగా ఇంకొకటి తినెను. పలుకు లేదు. మరియొకటి తినెను. లేదు. నిశ్చయించుకొనుటకని తొమ్మిది తినెను. తిని, నేతిచేయి మీసమునకు రాచి లేచెను.

"తిరగలి మీదే. కాలవ కూడా ఉన్నకాడే ఉండనీ. ఎలాగూ చక్రం తిప్పినాక నీరు కిందకే కదా పోతాది, ఆ నీరే నా తోటకి రానీ. వరాలూ, ఇంట్లో మినుములింకా ఉన్నాయి. రేపు పంపుతాను," అనెను. ఈసారి ఈలకు ఎవరును నవ్వలేదు, తామును ఈలలు వేసిరి!

పిమ్మట అందరును భోజనమునకు బంతులు తీరి కూర్చుండిరి. వరాలు ముందు బంతిలో మొదటి విస్తరి కక్కు ముసలమ్మకని పరచి, ఆమె కొరకు గట్టంతయు వెదకెను. ఎచటను కానరాలేదు. తిరిగివచ్చి చూడగా ఆ విస్తరినడుమ తడి మోదుగాకు, ఆకుమీద పిండి దీపము! దిగువకు సాగిపోయిన దీపము ఎగువకు వచ్చి వెలుగుచుండెను. ప్రక్కన ఒక ఉలి, దాని మొనకు పసుపు. వరాలు చేతులు జోడించెను. ముందు బంతిలోనే కూర్చుండునని చెప్పిన మాట జ్ఞాపకమువచ్చి, కన్నీటితోనే పకపక నవ్వెను.

నాటినుండి ఏడూళ్ళ బుట్టలు మరల బారులు తీరెను. గాదె నిండెను. చుట్టుప్రక్కల స్త్రీలు భుజములనొప్పి మరచిరి. నెల నెల వరాలు కొట్టిన గాళ్ళు అరిగెను, మరల కొట్టెను. ఆ ముసలమ్మ కొట్టిన ఒక్క గాడు మాత్రము ఎన్నడును అరుగలేదు. తరువాతి కాలమున సూరమ్మయు తన ఇంటి రోటికి కక్కు కొట్టించి, తొలి పిండితో దీపము పెట్టి ఈ వ్రతము చేసెను. ఆమె ఇంట సున్నుండల కుండ ఖాళీ కాలేదు. నాయుడు తినుచుండినను ఖాళీ కాలేదు! అది వ్రతమహిమ కాక మరేమి?

శాలీనా! ఈ వ్రతమును అమావాస్య దాటిన తొలి శుక్రవారమున చేయవలెను. తిరగలిగాని, రోలుగాని, ఏది యున్న దానిని కడిగి, కక్కు కొట్టించి, పసుపు కుంకుమలతో పూజింపవలెను. తొలి పిడికెడు దీపమునకు, మలి పిడికెడు ఇరుగుపొరుగునకు, ఆ పైని ఇంటికి. పన్నెండు నెలలు నడిపి, కడపట ఐదుగురు ముత్తయిదువలకు సున్నుండలు వాయనమిచ్చి ఉద్యాపన చేసికొనవలెను. ఆ ఐదుగురిలో ఒకరైనను తనతో మాటలు మానినవారై యుండవలెను. అది మరువరాదు. క్రొత్తకోడళ్ళు చేసిన అత్తింట నవ్వు కలుగును. అత్తలు చేసిన కోడలికి కారణము చెప్పు బుద్ధి కలుగును. మగవారు చేసిన భుజము నొప్పియు, ఆ నొప్పివలన జ్ఞానమును కలుగును. ముందు యుగమున నిప్పుతోను, మెరుపుతోను తిరుగు మరలు వచ్చును. పిండిమర నడుపువారును, వంటింట మిక్సీ తిప్పువారును, దానిని వట్టిగా తిప్పక, గింజ వేసి, అమ్మను తలచి తిప్పినచో వారికిని ఇదే ఫలము. తొందరవారు చేసిన, వారికి అన్నిటికన్న ఎక్కువ ఫలము.

ఇట్లు చెప్పి దీర్ఘశ్మశ్రుడు కథ ముగించెను. శాలీనుడు లేచి, ఆశ్రమపు తిరగలి పైరాయి ఎత్తి, వెల్లకిల వేసి, నిమిరి చూచెను. నున్నగా నుండెను. "స్వామీ, ఇందులకా నా భుజము పోయినది!" అనెను. "పన్నెండేండ్లుగా తపస్సులో నుంటిని, నేనును మరచితిని," అని దీర్ఘశ్మశ్రుడు గడ్డము సవరించుకొనుచు ఉలికొరకు లేచెను. ఆ సాయంత్రము ఆశ్రమమున పిండి దీపము వెలిగెను.

ఇప్పుడు గుప్పిట తెరచి, సగము అక్షతలు అమ్మ పాదములపై, సగము మీ తలలపై వేసికొనుడు. చెప్పుటలో నా మాట జారియుండవచ్చును, మీ తిరగలిలో పలుకు జారకుండుగాక. వినుటలో మీ మనసు ఒక గడియ తిరిగియుండవచ్చును, మీ ఇంట రాయి వట్టిగా తిరుగకుండుగాక. గౌరమ్మ తల్లి మన ముందు బంతిలోనే కూర్చున్నది. సున్నుండల పళ్ళెము ఇటు తెండి, కటుక్కుమన్నచో భయపడకుడు, అది బెల్లమే!